నోరు పాడుతుంటుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది

ప్రశ్న: నేను చిన్నప్పటి నుంచి చర్చిలో పాడుతున్నాను. ఇప్పుడు వర్షిప్ టీమ్‌లో ఉన్నాను. పాటలన్నీ కంఠతా వచ్చు. ఇబ్బంది అక్కడే మొదలైందేమో అనిపిస్తోంది. కళ్లు మూసుకుని పాడుతుంటే చూసేవాళ్లు నేను ప్రార్థనలో మునిగిపోయాననుకుంటారు. నిజానికి లోపల మర్నాటి ఆఫీసు పనో, ఇంట్లో గొడవో, నా గొంతు ఎలా వినబడుతోందన్న ఆలోచనో నడుస్తుంటుంది. పాట అయ్యాక రెండో చరణం పాడానో లేదో కూడా గుర్తుండదు. ఆరాధన ముగిశాక ఎవరైనా వచ్చి "చాలా ఆదరణ కలిగింది సిస్టర్" అంటే సిగ్గుతో తల దించుకుంటాను. "నా సర్వస్వం నీకే" లాంటి మాటలు పాడుతుంటే అబద్ధమాడుతున్నట్టు ఉంటుంది. పైగా టీమ్‌లో నా పక్కన నిలబడే ఆవిడతో కొన్ని నెలలుగా నాకు మాటల్లేవు. ఎవరు ఏ పాట పాడాలన్న దగ్గర వచ్చిన పట్టింపు అది. ఇన్ని పెట్టుకుని పాడటం వేషధారణే కదా? మనసు కుదిరేదాకా టీమ్ నుంచి తప్పుకోమంటారా? – ఒక సోదరి

సమాధానం:

సోదరీ,

తప్పుకోవద్దు. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకుందాం గానీ ముందు ఈ మాట చెప్పనివ్వండి. మనసు కుదిరాక పాడదాంలే అని కూర్చుంటే మనసూ కుదరదు, ఉన్న అలవాటూ పోతుంది.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. పాడేటప్పుడు ధ్యాస నిలవకపోవడం ఒకటి. పక్కన నిలబడ్డ మనిషితో మాటల్లేకుండా పాడటం ఇంకొకటి. రెండింటికీ మీరు వేషధారణ అనే పేరే పెట్టారు. నా దృష్టిలో మొదటిది బలహీనత, సాధనతో బాగుపడుతుంది. రెండోదాని సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పెదవులతో ఘనపరుస్తూ హృదయాన్ని దూరం చేసుకున్నారన్న యెషయా ప్రవక్త మాటను యేసు ప్రభువు మత్తయి 15వ అధ్యాయంలో మళ్లీ ఎత్తారు. మీ మనసులో మెదులుతున్న వాక్యం అదే అయ్యుంటుంది. ఆ మాట ఎవరితో అన్నారో ఒక్కసారి చూడండి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవునికి అర్పించేశామని చెప్పి, కన్నవాళ్లను చూసుకునే బాధ్యత తప్పించుకునే దారి జనానికి చూపించినవాళ్లతో అన్నారు. భక్తిని అడ్డం పెట్టుకుని మనుషుల్ని వదిలేసినవాళ్లకు తగలాల్సిన దెబ్బ అది. పాట మధ్యలో ఆఫీసు గుర్తొచ్చి, గుర్తొచ్చినందుకు బాధపడి ఉత్తరం రాసిన మనిషికి కాదు.

మనసు పారిపోవడం పాత బాధే. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠంలోని సన్యాసుల కోసం ఒక నియమావళి రాశాడు. బైబిల్‌లోని 150 కీర్తనలనూ వారం తిరిగేలోగా పాడి పూర్తి చేయాలని అందులో పెట్టాడు. కీర్తన పాడేటప్పుడు మన మనసు మన గొంతుతో ఏకమై ఉండేలా నిలబడాలని కూడా అందులోనే రాశాడు. పాడటమే పనిగా పెట్టుకుని లోకాన్ని వదిలి వచ్చినవాళ్లకు కూడా ఆ మాట రాసి పెట్టాల్సి వచ్చిందంటే వాళ్ల మనసులూ తిరుగుతూనే ఉండేవన్నమాట. అంతకు ముందు, సుమారు 400వ సంవత్సరం నాటికి, అగస్టీన్ అనే బిషప్ దీనికి అటువైపు ఇబ్బంది గురించి రాసుకున్నాడు. పాడిన విషయం కన్నా పాడిన తీరే తనని ఎక్కువ కదిలించినప్పుడు అది తన పాపమేనని ఒప్పుకున్నాడు. అలాగని చర్చిలో పాటలు వద్దనలేకపోయాడు. విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో ఆ పాటలు విని కార్చిన కన్నీళ్లు ఆయన మర్చిపోలేదు. మీకు అలవాటు అడ్డమొస్తోంది, ఆయనకు రాగం అడ్డమొచ్చింది.

అగస్టీన్ బాధ మీకెందుకు చెబుతున్నానంటే, మీరు పోగొట్టుకున్నాననుకుంటున్నది ఆ పులకరింత అయ్యుండొచ్చు. ఒకప్పుడు పాడుతుంటే ఒళ్లు గగుర్పొడిచేది, కళ్లు చెమర్చేవి. ఇప్పుడు అవి లేవు కాబట్టి భక్తి లేదనుకుంటున్నారేమో. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పరిశోధకులు కలిసి పాడేవాళ్ల గుండె వేగాన్ని కొలిచి చూశారు. ఒకే పాట కలిసి పాడుతున్నప్పుడు వాళ్ల గుండె వేగం కలిసే పెరిగి కలిసే తగ్గుతోందని తేలింది. పాట నడకను బట్టి అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోవడం దానికి కారణం. అంటే కలిసి పాడినప్పుడు కలిగే ఆ హాయిలో శరీరం పని చాలా ఉంది. అది దేవుడిచ్చిన శరీరమే, ఆ హాయి మంచిదే, వచ్చిన రోజు సంతోషంగా తీసుకోండి. కానీ దాంతో మీ ఆరాధనను తూచకండి. రాత్రి నిద్ర సరిగా లేకపోయినా, గొంతు బాగోకపోయినా అది తగ్గిపోతుంది.

ధ్యాస అలాంటిది కాదు. పొద్దున్నే తలనొప్పితో లేచినా దాన్ని ఇవ్వొచ్చు. "ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును" అని పౌలు కొరింథు సంఘానికి రాసినప్పుడు, ఏం పాడుతున్నామో తెలిసి పాడాలన్నది ఆయన పట్టుదల. అర్థం కాకపోతే పక్కవాడు ఆమేన్ ఎలా అంటాడని అక్కడే అడుగుతాడు. కాబట్టి ఈ ఆదివారం మీకేం అనిపించిందన్న లెక్క పక్కన పెట్టండి. ఏం పాడుతున్నారు, ఎవరితో అంటున్నారు, ఈ రెండూ తెలిసి పాడితే చాలు.

ఎవరితో అంటున్నారన్నది నేను మరీ పట్టించుకునే విషయం. 23వ కీర్తన తీసుకోండి. చిన్నప్పుడే నేర్చుకుని ఉంటారు. "యెహోవా నా కాపరి" అని మొదలవుతుంది. పచ్చిక గల చోట్ల ఆయన నన్ను పరుండజేస్తాడు, శాంతికరమైన జలాల దగ్గరికి నడిపిస్తాడు, ప్రాణాన్ని సేదదీరుస్తాడు, అంతా 'ఆయన' గురించి ఎవరికో చెబుతున్నట్టే సాగుతుంది. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ వస్తుంది. సరిగ్గా అక్కడ 'ఆయన' పోయి "నీవు నాకు తోడై యుందువు" అని వస్తుంది. ఇంతదాకా దేవుని గురించి చెబుతున్న మనిషి చీకట్లో అడుగుపెట్టగానే దేవునివైపు తిరిగి ఆయనతోనే మాట్లాడుతున్నాడు. ఆ కీర్తనను ఎన్నోసార్లు పాడి కూడా ఈ మలుపును గమనించనివాళ్లు ఎందరో. గమనించిన రోజు నుంచి ఆ చోటికి రాగానే మనసు దానంతటదే లేచి కూర్చుంటుంది.

మీరు పాడే ప్రతి పాటనూ ఇలా ఒకసారి చదవండి. రాగం లేకుండా, మామూలుగా మాట్లాడే వేగంతో, పైకి వినబడేలా. ఏ వరుస దేవునితో అంటున్నది, ఏది పక్కవాళ్లతో అంటున్నది, ఏది మీ ప్రాణంతో మీరే చెప్పుకుంటున్నది చూసుకోండి. "నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?" అని 42వ కీర్తనలో కీర్తనకారుడు అడిగింది తననే. ఆ వరుసను దేవునికి చెబుతున్నట్టు పైకి చూస్తూ పాడితే కుదరదు. కంఠతా వచ్చిన పాటకైతే ఈ చదవడం మరీ అవసరం. రాగం మాటల్ని లాక్కుపోతుంది కాబట్టి నోటికి వచ్చిన పాటలో అర్థం దగ్గర ఆగే అవకాశం ఉండదు. రాగం తీసేసి చదివితే తెలిసిన పాటే కొత్తగా కనబడుతుంది, కొన్నిసార్లు ఇబ్బందిగా కూడా ఉంటుంది. ఇన్నేళ్లుగా అంటున్నది ఇదా అనిపిస్తుంది.

ఇంకో చిన్న పని, పాడేవాళ్లకే అర్థమయ్యేది. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో చూసుకోండి. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. "ఏ అపాయమునకు భయపడను" అన్న వరుసలో భయం లేదన్న సంగతంతా ఆ చివరి 'ను'లో ఉంది. వరుస చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి ఆ అక్షరాన్ని మింగేస్తుంటాం. వినేవాళ్లకు "అపాయం", "భయం" అన్న రెండు మాటలే మిగులుతాయి. లేదా 'అపాయమునకు' దగ్గర ఊపిరికి ఆగి, అక్కడితో వాక్యం అయిపోయినట్టు చేస్తాం. మాట పూర్తయ్యేదాకా సరిపడేంత ఊపిరి ముందే తీసుకుని, చివరి అక్షరం దాకా స్పష్టంగా పలకాలనుకుంటే ఆ వాక్యం ఎక్కడికి పోతోందో మీకు ముందే తెలిసి ఉండాలి. అలా ఆలోచించే మనసుకు ఆఫీసుకు వెళ్లే తీరిక ఉండదు. ధ్యాస గురించి ఎన్నో ఉపదేశాలు వింటాం గానీ ఇంత మామూలు పని వాటికన్నా ఎక్కువ సాయం చేస్తుందని నా నమ్మకం.

మనసు జారే చోట్లు కూడా కొన్ని ఉంటాయి. అక్షరాన్ని సాగదీసి పట్టుకునే చోట, చరణానికి చరణానికి మధ్య వాయిద్యాలు మోగేటప్పుడు, పల్లవిని మూడోసారి నాలుగోసారి తిప్పి పాడేటప్పుడు. ఈ ఆదివారం గమనించండి, మీ మనసు ఎక్కువగా వీటిలోనే ఎక్కడో తలుపు తీసుకుని బయటికి వెళ్తుంటుంది. వాయిద్యాల చోట రాబోయే చరణంలో మొదటి వరుసను లోపల ఒకసారి అనుకోండి. తిప్పి పాడే చోటికి 136వ కీర్తన మంచి గురువు. అందులో 26 వచనాలు, ప్రతి వచనం చివర ఆయన కృప నిరంతరముంటుందన్న మాటే. చదువుతుంటే ఇన్నిసార్లెందుకు అనిపించొచ్చు. కానీ ఆ మాట వచ్చే ముందు ప్రతిసారీ ఒక కొత్త సంగతి ఉంటుంది. ఒకసారి సూర్యుడు, ఒకసారి ఎర్రసముద్రం, చివర్లో సమస్త జీవులకూ ఆహారం. ఒకే మాటను ఊరికే తిప్పుతుంటే కాసేపటికి అది ఉత్త శబ్దమైపోతుందని అందరికీ తెలుసు. మీ పల్లవి నాలుగోసారి వచ్చినప్పుడు దాని ముందు మీ వారంలోంచి ఒక సంగతి పెట్టండి. ఇంటి గొడవ మనసులోకి వచ్చిందా, దాన్ని తోసేయడానికి తంటాలు పడకండి. దాన్నే తెచ్చి ఆ పల్లవి ముందు పెట్టి పాడండి.

ఇంత చేసినా మనసు పోతుంది. పోయిందని తెలిసిన క్షణంలో మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మొదలుపెడితే మిగిలిన పాటంతా ఆ తిట్లలోనే అయిపోతుంది. ఏ మాట దగ్గర మెలకువ వచ్చిందో ఆ మాట నుంచే పట్టుకుని పాడండి. పోయిన చరణం కోసం వెనక్కి వెళ్లొద్దు.

ఇక మీ గొంతు ఎలా వినబడుతోందన్న ఆలోచన. దీని గురించి మీరు అవసరానికి మించి బాధపడుతున్నారు. మైకు పట్టుకున్న మనిషి తన శ్రుతి వినకపోతే సంఘమంతా దారి తప్పుతుంది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ 1761లో అచ్చయిన తన పాటల పుస్తకంలో పాడేవాళ్లకు కొన్ని సూచనలు ఇచ్చాడు. రాగం సరిగా నేర్చుకోవాలని, తాళం తప్పొద్దని, నిద్రమత్తులో ఉన్నట్టు కాకుండా ధైర్యంగా గొంతెత్తి పాడాలని, అయితే మిగతావాళ్ల గొంతులు వినబడకుండా అరవొద్దని చెప్పాడు. అన్నిటికన్నా పైన, పాడే ప్రతి మాటలోనూ దృష్టి దేవుని మీద ఉండాలని, హృదయం ఆ శబ్దంతో కొట్టుకుపోకుండా చూసుకోవాలని రాశాడు. తాళం గురించి పట్టించుకోవడం ఆత్మీయతకు అడ్డమని ఆయన అనుకోలేదు. ప్రాక్టీసు రోజున శ్రుతి గురించి ఎంత గట్టిగా పట్టుబట్టగలరో అంతా పట్టుబట్టండి, ఎక్కడ గొంతు తేలిపోతోందో అక్కడ పదిసార్లు పాడండి. ఆ పని ముందే అయిపోతే ఆదివారం నాడు గొంతు గురించి టెన్షన్ చాలా వరకు తగ్గుతుంది. అప్పుడు కూడా "నేను బాగా పాడుతున్నానా" అన్న ప్రశ్న వస్తే, సంఘం పాడుతోందా లేదా అని వినండి. వాళ్ల గొంతులు వినబడకపోతే మీ గొంతు కాస్త తగ్గించండి.

"నా సర్వస్వం నీకే" లాంటి మాటల దగ్గర మీకు కలిగే ఇబ్బంది నాకు నచ్చింది. ఆ మాట ఎంత పెద్దదో తెలియనివాళ్లే దాన్ని సునాయాసంగా పాడేస్తారు. మార్కు 9వ అధ్యాయంలో జబ్బు చేసిన కొడుకును తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. నమ్మకం పూర్తిగా ఉందని అబద్ధమాడలేదు, లేదని నోరు మూసుకోనూ లేదు. ఆ వరుసను మీరు అలాగే పాడొచ్చు, ఇంకా ఇవ్వలేనిదాన్ని ఇచ్చే మనసు ఇమ్మని అడుగుతున్నట్టు. ఒక వారం అదీ కుదరకపోతే, ఆ ఒక్క వరుస దగ్గర ఊరుకుని మిగతావాళ్లు పాడుతుంటే వినండి. సంగీతములతోను కీర్తనలతోను ఒకనికి ఒకడు బోధించుకోమని కొలొస్సయులకు పౌలు రాశాడు కదా, ఆ పూట మీ వంతు వినడం. పాటలు ఎంచే పని మీ టీమ్‌దే అయితే ఇంకో మాట కూడా. కీర్తనల గ్రంథంలో "ఎంతకాలము" అని దేవుణ్ని నిలదీసే 13వ కీర్తన ఉంది, వెలుగు లేకుండానే ముగిసిపోయే 88వ కీర్తన ఉంది. గెలుపు పాటలే ప్రతి వారం పాడిస్తే ఓడిపోయి వచ్చిన మనిషి నిజాయితీగా పాడటానికి ఒక్క వరుస కూడా దొరకదు.

ఇప్పుడు మీ పక్కన నిలబడే ఆవిడ సంగతి.

మీరు ఈ విషయాన్ని ఉత్తరం చివర్లో రెండు వాక్యాల్లో చెప్పి దాటేశారు. నాకు మాత్రం మిగతా అన్నిటికన్నా ఇదే బరువుగా కనబడింది. అర్పణ తెచ్చి బలిపీఠం దగ్గర నిలబడ్డాక సహోదరునికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణను అక్కడే వదిలి వెళ్లి ముందు సమాధానపడమని ప్రభువు చెప్పారు. తప్పు నీదైతేనే వెళ్లమనలేదు. అతనికి నీ మీద ఏదైనా ఉంటే అన్నారు. ఆమోసు 5వ అధ్యాయంలో దేవుడు మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తొలగించండి అన్నప్పుడు, వాళ్ల శ్రుతి బాగోలేదని గానీ, పాడుతూ పరధ్యానంగా ఉన్నారని గానీ అనలేదు. బీదవాడికి న్యాయం జరగని చోట నుంచి ఆ పాటలు వస్తున్నాయన్నదే ఆయన కోపం. మీ ఇద్దరి పట్టింపు అంత పెద్దది కాకపోవచ్చు. కానీ ఇద్దరూ ఒకే మైకు స్టాండు దగ్గర ప్రేమ గురించి పాడి, దిగాక చెరో దారిన వెళ్లిపోతున్నారు. పాట అబద్ధంలా ఉందన్న మీ భావనకు వేరు ఇక్కడే ఉందని నా అనుమానం. ఊపిరి, చదవడం, పల్లవి గురించి పైన చెప్పినవేవీ దీనికి మందు కావు.

వెళ్లి మాట్లాడండి, ఆదివారం లోపే. ఆరాధనకు అయిదు నిమిషాల ముందు, అందరూ చూస్తుండగా వద్దు. ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోవడమూ వద్దు. ఎవరిది తప్పో తేల్చాలని కూర్చోకండి. "ఆ పాట విషయంలో నేను పట్టుదలకు పోయాను, ఇన్నాళ్లూ మాట్లాడకుండా ఉన్నాను, నన్ను క్షమించండి" అంటే చాలు. ఆవిడ వెంటనే కరగకపోవచ్చు. అయినా మీరు చేయాల్సింది మీరు చేసినట్టే, ఆ పైన పాడటానికి మీకు అడ్డేమీ లేదు. ఆ పాట ఇక ఆవిడే పాడనివ్వండి.

ఆదరణ కలిగిందని చెప్పేవాళ్ల ముందు తల దించుకోకండి. మీ మనసు ఎక్కడో ఉన్న ఆదివారం కూడా మీ నోటి నుంచి వచ్చిన మాట నిజమైనదే, అది అవసరమైన మనిషికి చేరింది. "దేవునికి స్తోత్రం, మీకు ఏ మాట నచ్చింది?" అని అడగండి. వాళ్లు చెప్పే జవాబు వింటే, మీరు పరధ్యానంగా పాడేసిన చరణంలో ఏముందో వాళ్ల నోట మీకు తెలుస్తుంది.

తప్పుకోవద్దన్నాను గానీ, పాస్టర్ గారిని అడిగి ఒకటి రెండు ఆదివారాలు మైకు లేకుండా సంఘం మధ్యలో నిలబడి పాడితే మంచిది. చేతిలో పాటల పుస్తకం తెరిచి పెట్టుకోండి, కంఠతా వచ్చిన పాటైనా సరే. ఎందుకు అడుగుతున్నారో ఆయనకు దాచకుండా చెప్పండి. టీమ్‌లో మిగతావాళ్లలోనూ ఇదే బాధ ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. మీరు తిరిగి వెళ్లాక, ప్రాక్టీసులో కీబోర్డు మొదలుపెట్టేలోపు ఆ వారం పాటల మాటల్ని ఒకరు పైకి చదవడం, మిగతావాళ్లు వినడం అనే అలవాటు పెట్టమని అడగండి. అయిదు నిమిషాల పని. పాటకొకరు చొప్పున వంతులు వేసుకుంటే అందరికీ చదివే అవకాశం వస్తుంది.